మానిపించాం సరే, ఆ తర్వాత?

తమిళనాడులో ప్రభుత్వం నడిపే టాస్మాక్ మద్యం దుకాణం మధ్యాహ్నం 12 గంటలకు తెరుస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపు ఉదయం 10కే తెరుచుకుంటుంది. తమిళనాడు సరిహద్దులోని పళ్ళిపట్టు నుంచి నగరి వైపు, కార్వేటినగరం వైపు పోయే దారులు కాసేపట్లోనే రాష్ట్రం దాటేస్తాయి. మామూలు మనిషికి ఈ రెండు గంటల తేడా ఒక లెక్కే కాదు. చికిత్స చేయించుకుని నాలుగు రోజుల కిందటే ఇల్లు చేరినవాడికి, పొద్దున లేచిన దగ్గర నుంచీ అదే ఆలోచనతో ఒళ్ళు గుంజుతున్నవాడికి మాత్రం అది పెద్ద లెక్క. మధ్యాహ్నం దాకా ఓర్చుకుంటే బహుశా ఆ యావ దానంతటదే దిగేది. బండి తీస్తే ఓర్చుకోవాల్సిన పనే లేదు.

అలా మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళ గురించి ఈ చుట్టుపక్కల అందరి నోటా ఒకటే మాట: "అంత డబ్బు పోసి మానిపించినాం, వాడికే బుద్ధి లేదు." పొదటూరుపేట మగ్గాల వీధిలోనూ, తిరుత్తణిలోనూ, సరిహద్దు అవతల నగరిలోనూ వినిపించేది ఇదే. నగలు కుదువబెట్టి ఆస్పత్రి బిల్లు కట్టిన ఇల్లాలు ఆ మాట అంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ వైద్యం చేసేవాళ్ళు, ఊరి పెద్దలు, ప్రభుత్వాలు కూడా అదే నమ్మి చేతులు దులుపుకుంటే మనుషుల ప్రాణాలు పోతాయి. తాగుడు తిరగబెట్టడం ఎప్పుడు, ఏ పరిస్థితుల్లో, ఏ మనఃస్థితిలో జరుగుతుందో యాభై ఏళ్ళుగా తెలుసు. తెలిసి కూడా సరిగ్గా ఆ సమయంలోనే మనిషిని ఒంటరిగా వదిలేస్తున్నాం.

1971లో అమెరికాలో విలియం హంట్, ఆయన సహచరులు మద్యం, సిగరెట్, హెరాయిన్ అలవాట్లకు చికిత్స పొందినవాళ్ళ లెక్కలను ఒకే గ్రాఫు మీద గీశారు. మూడు గీతలూ దాదాపు ఒకే తీరున దిగాయి. మొదటి మూడు నెలల్లోనే సుమారు మూడింట రెండు వంతుల మంది మళ్ళీ మొదలుపెట్టారు. ఆ గండం దాటినవాళ్ళలో జారిపోవడం బాగా తగ్గింది. 2000లో థామస్ మెక్‌లెలన్ బృందం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో మరో పోలిక చూపింది. మత్తు అలవాట్లకు చికిత్స పొందినవాళ్ళలో ఏడాదిలోపు 40 నుంచి 60 శాతం మందికి తిరగబెడుతుంది. బీపీ, ఉబ్బసం రోగుల్లో ఏడాదిలో మళ్ళీ జబ్బు ముదిరేవాళ్ళు 50 నుంచి 70 శాతం. బీపీ మాత్రలు ఎగ్గొట్టి కళ్ళు తిరిగి పడిపోయినవాణ్ణి బుద్ధి లేనివాడని ఇంటికి పంపేయం. మాత్ర మార్చి, మళ్ళీ ఫలానా తారీఖున రమ్మంటాం.

ఆస్పత్రిలో మొదట జరిగేది ఒంటి వైద్యం. వణుకు, చెమటలు, నిద్రలేమి వారం పది రోజుల్లో అదుపులోకి వస్తాయి. ముదిరిన తాగుబోతు డాక్టరు అండ లేకుండా ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ఈ దశ ఆస్పత్రిలోనే జరగాలి. అయితే ఒళ్ళు తేరుకున్నంత మాత్రాన మనసు తేరుకున్నట్టు కాదు. నిద్ర కుదుటపడటానికి నెలలు పడుతుంది. నిద్ర పట్టని ఆ నెలల్లోనే తాగుడు తిరగబెట్టడం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఇన్నేళ్ళూ ఏ గంటకు, ఏ చోట, ఎవరి పక్కన తాగాడో మెదడు అన్నీ దాచుకుని ఉంటుంది. వారం కూలి చేతిలో పడుతుంది, కరెంటు పోయి మగ్గాల చప్పుడు ఆగి వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది, బారు పక్క బండి మీద వేపుడు వాసన వస్తుంది. మనిషి ఇంకా ఏమీ నిర్ణయించుకోకముందే నోట్లో నీళ్ళూరతాయి, గుండె దడదడలాడుతుంది. మానేయాలన్న నిశ్చయం గట్టిగా ఉన్నవాడికీ ఇది జరుగుతుంది. దాన్ని చూసి అతనే భయపడతాడు: "నాలో మార్పేమీ రాలేదు, అంతా ఉత్తదే" అనుకుంటాడు. ఈ యావ ఓ ఇరవై నిమిషాలో అరగంటో ఎగిసి తగ్గిపోతుందనీ, దానికి లొంగనక్కర్లేదనీ, లొంగని ప్రతిసారీ అది కొంచెం బలహీనపడుతుందనీ డిశ్చార్జికి ముందు అతనికి ఎవరైనా చెప్పారా? చాలా చోట్ల చెప్పరు. మాత్రల చీటీ ఇచ్చి పంపిస్తారు.

చుట్టూ ఉన్న పరిసరం ఎంత బలమైనదో చెప్పడానికి వియత్నాం యుద్ధం నాటి సంగతి ఒకటుంది. అక్కడ అమెరికన్ సైనికుల్లో ఐదోవంతు మంది హెరాయిన్‌కు బానిసలయ్యారు. వాళ్ళంతా దేశానికి తిరిగొస్తే ఏమవుతుందోనని ప్రభుత్వం హడలిపోయింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్ళను వెతికి పట్టుకుని చూస్తే, తిరిగొచ్చిన ఏడాదిలో మళ్ళీ బానిసలైనవాళ్ళు వందకు ఐదుగురు మాత్రమే. వాళ్ళ మనోబలం ఉన్నట్టుండి పెరగలేదు. ఆ అడవి, ఆ భయం, ఆ జతగాళ్ళు, చవగ్గా దొరికే ఆ మత్తు వెనకే ఉండిపోయాయి. పళ్ళిపట్టు మనిషికి జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. అతను మానేసేది చెన్నైలోనో తిరుపతిలోనో, నాలుగు గోడల మధ్య. తిరిగి వచ్చేది తాను తాగిన వీధికే, తాగిన స్నేహాల మధ్యకే.

ఈ విషయం మన వాళ్ళకు తెలియదని కాదు. ఒక రకంగా డాక్టర్ల కన్నా ముందే తెలుసు. అయ్యప్ప మాల వేసుకున్న మనిషిని చూడండి. రోజూ క్వార్టర్ లేనిదే అన్నం ముట్టనివాడు 41 రోజులు చుక్క తాగకుండా ఉంటాడు. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, నల్ల బట్టలు, కటిక నేల మీద పడక, సాయంత్రమైతే భజన. తాగే వేళకు సరిగ్గా భజన వేళ వచ్చి కూర్చుంటుంది. నిన్నటిదాకా పేరు పెట్టి తిట్టినవాళ్ళు ఇవాళ "స్వామీ" అంటారు. కట్టుకున్న భార్యా అదే పిలుపు పిలుస్తుంది. తాగే స్నేహితుడు తానే దూరం జరుగుతాడు, మాలలో ఉన్నవాడికి మందు పోస్తే తనకే పాపమని. తడబడితే చెప్పుకోవడానికి గురుస్వామి ఉన్నాడు. ఆడికృత్తికకు తిరుత్తణి మురుగన్‌కు కావడి మొక్కుకునేవాళ్ళలోనూ ఇదే నియమం కనిపిస్తుంది. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగడి గుడికైతే జనం తాగుడు మానడానికే మాల వేసుకోను వస్తారు.

దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే చదువుకున్నవాళ్ళతో నాకు పేచీ ఉంది. అందులో ఉన్నది మంచి మనస్తత్వశాస్త్రం. రోజుకొక క్రమం, కొత్త గుర్తింపు, తోటివాళ్ళ గుంపు, చెప్పుకోవడానికి ఒక పెద్ద దిక్కు, కాదనడానికి ఎవరూ ప్రశ్నించని ఒక కారణం. ఇవన్నీ చేరితే అదే మనిషి, అదే ఊళ్ళో, అదే దుకాణం ముందు నుంచి నడిచి వెళ్ళిపోగలడు. 'వాడికి మనోబలం లేదు' అనే మాట అబద్ధమని ప్రతి కార్తీక మాసం రుజువు చేస్తూనే ఉంది.

లోపం అంతా 42వ రోజులో ఉంది. మాల తీసేస్తారు, బట్టలు మారతాయి, పిలుపు మారుతుంది, భజన ఆగిపోతుంది. శబరిమల నుంచి తిరిగొచ్చే వ్యానులోనే సీసా తెరిచినవాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. దీక్షకు ముగింపు తేదీ ఉంది కాబట్టే ఓర్చుకోగలిగాడు, ఆ తేదీ వచ్చేసరికి ఆ ఓర్పుకు ఆధారం పోయింది. ఆస్పత్రి చికిత్సలో డిశ్చార్జి రోజు కూడా ఇలాంటిదే. రోగి, ఇంటివాళ్ళు, ఆస్పత్రి ముగ్గురూ దాన్ని పూర్తయిన రోజు అనుకుంటారు. హంట్ గ్రాఫు ప్రకారం గండం మొదలయ్యేది ఆ రోజునే.

ఆ గండంలో ఏం జరుగుతుందో వివరంగా చూసినవాడు అలన్ మార్లాట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త. 1985లో జుడిత్ గోర్డన్‌తో కలిసి వెలువరించిన 'రిలాప్స్ ప్రివెన్షన్' పుస్తకం ఈ రంగానికి పునాది. మళ్ళీ మొదలుపెట్టిన సందర్భాలను ఏరి చూస్తే నూటికి 70కి పైగా మూడు చోట్లే తేలాయి: దిగులు, కోపం, విసుగు లాంటి మనోవేదన, ఇంట్లోనో పనిలోనో తగాదా, తోటివాళ్ళ బలవంతం. పళ్ళిపట్టులో మూడోదానికి కొదవ లేదు. పెళ్ళిలో, చావు ఇంటి దగ్గర, పండక్కి, ఓనరు బోనసు ఇచ్చిన సాయంత్రం. "ఈ ఒక్క పొద్దుకేమైతుంది మామా, ఒక్క కటింగే కదా" అనే పిలుపులో పగ ఏమీ లేదు, ప్రేమే ఉంది. అందుకే తప్పించుకోవడం కష్టం. కాదంటే "పెద్దమనిషి అయిపోయినాడ్రా" అంటారు. తాగుడుతో పాటు తన స్నేహాలన్నీ పోగొట్టుకున్న మగవాడికి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చేయాలో, ఎక్కడ కూర్చోవాలో తెలియదు.

మార్లాట్ చెప్పిన మరో సంగతి ఇంటివాళ్ళకు బాగా పనికొస్తుంది. చాలామంది దుకాణం వైపు నేరుగా నడవరు. చిన్న చిన్న నిర్ణయాలు చేస్తూ వెళ్తారు, వాటిలో ఏదీ తప్పుగా కనిపించదు. పాత బాకీ వసూలు చేసుకు వస్తానని నగరి వెళ్తాడు. తిరిగొచ్చేటప్పుడు దగ్గరి దారి ఉన్నా షాపున్న దారినే వస్తాడు. స్నేహితుడి కోసం ఆగుతాడు, ఉత్త సోడా చాలంటాడు. అడిగితే తనకేమీ ఉద్దేశం లేదని ఒట్టు వేస్తాడు, ఆ ఒట్టు నిజమే కావచ్చు. తనను తాను ఎలా అక్కడికి చేర్చుకున్నాడో తనకే తెలియదు. ఈ దారులను ముందే కౌన్సెలర్ దగ్గర కూర్చుని ఒక్కొక్కటిగా మాట్లాడుకుంటే, అలా నగరి బయలుదేరుతున్నప్పుడే "ఆగు" అనుకోగలుగుతాడు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన ఘట్టం ఒకటుంది. దాన్ని ఎవరూ ప్రమాదంగా చూడరు. రెండు నెలలు మానేసిన మనిషి ఒక సాయంత్రం ఒక గ్లాసు తాగాడు. వైద్యం దృష్టిలో అది తడబాటు, ఇంకా తిరగబెట్టడం కాదు. మర్నాడు ఏమవుతుందన్నదే అసలు సంగతి. అతను లేచేసరికి తల కన్నా బరువైనది సిగ్గు. దేవుడి ముందు ఒట్టేశాను, కూతురి తల మీద చెయ్యి పెట్టి చెప్పాను, ఆస్పత్రికి అన్ని వేలు పోశారు, అన్నీ మట్టిలో కలిపాను. 'నేనింతే, నా వల్ల కాదు' అనే తీర్పు తనకు తానే ఇచ్చుకుంటాడు. ఆ తీర్పు ఇచ్చుకున్నాక ఆగడానికి ఇక కారణం మిగలదు, ఆ సిగ్గును మరిపించగల మందు అతనికి తెలిసినది ఒక్కటే. ఒక గ్లాసు పదిరోజుల తాగుడుగా మారేది ఇక్కడ. ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నవాళ్ళు "చెప్పినాం గదా, ఎన్నాళ్ళులే ఈ ముచ్చట అని" అంటుంటే ఆ తీర్పుకు ఊరి ముద్ర కూడా పడుతుంది.

ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ పుట్టుకే ఇందుకు జవాబు. 1935 మే నెలలో అమెరికాలోని అక్రన్ పట్టణంలో వ్యాపారం దెబ్బతిని, హోటల్ బారు పిలుస్తుంటే తట్టుకోలేక, బిల్ విల్సన్ తనలాంటి మరో తాగుబోతును వెతుక్కుంటూ ఫోన్లు చేశాడు. అలా పరిచయమైన డాక్టర్ బాబ్ స్మిత్ మానేశాడు. కొన్ని వారాలకే డాక్టర్ల మహాసభకని అట్లాంటిక్ సిటీ వెళ్ళి చిత్తుగా తాగి వచ్చాడు. విల్సన్ అతణ్ణి వదల్లేదు. బాబ్ ఆఖరి గ్లాసు తాగిన 1935 జూన్ 10నే ఆ సంస్థ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది. తడబడిన మనిషిని ఆ వారం ఎవరూ పట్టించుకోకపోయి ఉంటే ఆ సంస్థే ఉండేది కాదు.

ఇక ఇల్లు. భర్త గడప దాటగానే నోరు వాసన చూసే భార్య, జేబులు వెతికే తల్లి, బాత్రూమ్‌లో ఆలస్యమైతే తలుపు కొట్టే కొడుకు. వీళ్ళను నిందించడం అన్యాయం. ఏళ్ళ తరబడి దెబ్బలు తిని, అబద్ధాలు విని, అప్పులు తీర్చినవాళ్ళకు ఒక్క నెలలో నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? అయినా, ఎత్తిపొడుపులు ఎక్కువగా ఉన్న ఇళ్ళలో తాగుడు త్వరగా తిరగబెడుతుందని తిమోతీ ఓఫారెల్ వంటివాళ్ళ పరిశోధనల్లో తేలింది. తాగకుండానే 'తాగొచ్చావా' అనిపించుకున్నవాడు, తాగినా తాగకపోయినా ఒకటేనన్న నిశ్చయానికి వచ్చేస్తాడు. దీనికి పరిష్కారం భార్యను ఓర్చుకోమనడం కాదు. ఆమెకూ విడిగా మాట్లాడుకునే చోటు, తన గాయాలు చెప్పుకునే మనిషి కావాలి. కొట్టే మనిషి ఉన్న ఇంట్లో మొదట చూడాల్సింది ఆమె క్షేమం, అతని చికిత్స ఆ తర్వాత. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రగిలించిన సారా వ్యతిరేక ఉద్యమం మరుసటి ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. అంత పోరాడిన ఆడవాళ్ళ తరఫున ఇన్నేళ్ళలో ప్రతి మండలానికీ ఒక కుటుంబ కౌన్సెలర్‌నైనా పెట్టలేకపోయాం.

ఇక్కడే ఒక హెచ్చరిక. భర్తకు తెలియకుండా సాంబారులోనో మజ్జిగలోనో మాత్ర పొడి కలపడం మన వైపు ఇంకా ఉంది. ఆ మాత్రల్లో చాలావరకు డైసల్ఫిరామే. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వాడితే అది మేలు చేస్తుంది. తెలియకుండా మింగినవాడు పైన మద్యం తాగితే బీపీ పడిపోయి, గుండె లయ తప్పి చనిపోవచ్చు. చావకపోయినా, ఇంట్లో తన అన్నంలో ఏదో కలుపుతున్నారని ఒకసారి తెలిశాక ఆ ఇంట్లో నమ్మకం మళ్ళీ పుట్టడం చాలా కష్టం. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు యావను తగ్గిస్తాయి. అవీ డాక్టరు చేతి మీదుగానే.

మానేసిన రెండో నెలలోనో మూడో నెలలోనో చాలామందిని ఒక దిగులు పట్టుకుంటుంది. మత్తులో ఉన్నన్నాళ్ళూ కనపడనివి అప్పుడు కనపడతాయి: మగ్గం ఓనరు దగ్గర తీసుకున్న అడ్వాన్సు బాకీ, ఆగిపోయిన కూతురి చదువు, తాను తాగి మాట్లాడిన మాటలు. తాగుడు మాటున దాగి ఉన్న కుంగుబాటు, ఆందోళన వేరే జబ్బులుగా బయటపడతాయి. వాటికి వైద్యం లేకపోతే తాగుడుకు చేసిన వైద్యం నిలవదు.

ఇంతా చేసి ఆ వైద్యమైనా ఎంతమందికి అందుతోంది? కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 2.9 కోట్ల మంది మద్యానికి బానిసలు. వాళ్ళలో ఏదో ఒక సాయం పొందినది 38 మందిలో ఒకరు. ఆస్పత్రిలో చేరి చికిత్స తీసుకున్నది 180 మందిలో ఒకరు. మరోవైపు టాస్మాక్ మీద తమిళనాడుకు 2023–24లో వచ్చిన రాబడి 45 వేల కోట్ల రూపాయలు దాటింది. ఆంధ్రప్రదేశ్ 2024 అక్టోబరులో కొత్త విధానం తెచ్చి క్వార్టర్ 99 రూపాయలకే అందించింది. రెండు రాష్ట్రాల అమ్మకపు విధానాలూ సరిహద్దు ఊరి మనిషి మీద ఒకేసారి పనిచేస్తాయి. రెండు రాష్ట్రాల వైద్యం మాత్రం అతనికి దూరంగానే ఉంది. ఆ ఖాళీలో తాళాలు వేసి, కొట్టి మానిపిస్తామనే ప్రైవేటు సెంటర్లు పుట్టుకొస్తున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటివి నమోదై ఉండాలి. చేర్చే ముందు ఆ పత్రం చూపించమని అడిగే ధైర్యం ఇంటివాళ్ళకు కలిగించాలి. దెబ్బలు తిని బయటికొచ్చినవాడు మనసులో మోసుకొచ్చేది కోపమే, అది మార్లాట్ జాబితాలో మొదటి వరుసలోనే ఉంది.

చేయదగ్గవి గొంతెమ్మ కోరికలేమీ కావు. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో నెలకొల్పిన టి.టి. రంగనాథన్ ఫౌండేషన్, 1989 నుంచి తంజావూరు ప్రాంతంలోని మంజక్కుడిలో ఊరి మధ్యనే శిబిరం పెట్టి చికిత్స చేసింది. ఊరే ఆతిథ్యం ఇచ్చింది కాబట్టి మానేసినవాళ్ళను ఊరే కనిపెట్టుకుని ఉంది. గోవాలో వైద్యులు కాని మామూలు యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నాలుగు విడతలకు మించకుండా మాట్లాడిస్తే, ముదరకముందే వచ్చిన తాగుబోతుల్లో మూడు నెలలకు 36 శాతం మంది అదుపులోకి వచ్చారు. ఆ మాటలు అందనివాళ్ళలో అది 26 శాతం. అభిజిత్ నాడ్కర్ణి, విక్రమ్ పటేల్ బృందం 2017లో లాన్సెట్‌లో ప్రకటించిన ఫలితం ఇది.

తమిళనాడు దగ్గర ఇంతకన్నా సిద్ధంగా ఉన్న సాధనం ఒకటుంది. 2021 ఆగస్టు 5న మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకంలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి బీపీ, సుగర్ చూసి మాత్రలు ఇస్తున్నారు. తాగుడు కూడా బీపీ లాంటి దీర్ఘవ్యాధేనని వైద్యశాస్త్రం చెబుతున్నప్పుడు, డిశ్చార్జి అయిన మనిషి పేరు ఆ కార్యకర్త పుస్తకంలో ఎందుకు ఉండకూడదు? మొదటి మూడు నెలలు వారానికొకసారి, ఆ తర్వాత ఏడాది దాకా నెలకొకసారి, అతను మాట్లాడే తెలుగులో నాలుగు మాటలు: నిద్ర పడుతోందా, దిగులుగా ఉందా, ఈ వారం ఎవరైనా పిలిచారా, జారితే ఎవరికి ఫోన్ చేస్తావు. డిశ్చార్జి కాగితం మీద మాత్రల పేర్లతో పాటు జారినప్పుడు తిరిగి రావాల్సిన చోటు, గది నంబరు, 14446 జాతీయ హెల్ప్‌లైన్ రాసి ఉండాలి. 'తాగితే రావద్దు' అని బోర్డు పెట్టే సెంటర్లకు లైసెన్సు ఉండకూడదు. తాగిన మర్నాడే అతను రావాలి. పళ్ళిపట్టు ప్రభుత్వాసుపత్రిలో వారానికి ఒక సాయంత్రం, పని దిగిన తర్వాతి వేళకు, ఇందుకోసం ఒక గది తెరిచి ఉంచమని జిల్లా యంత్రాంగాన్ని అడగాలి. కూలి ముట్టే రోజే ఆ సాయంత్రమైతే మరీ మంచిది.